బొంతకు అడుగు గుడ్డ

పరీక్ష కాగితాలు దిద్దేటప్పుడు నాకొక చెడ్డ అలవాటు వున్నది. నాలుగు గైడుల్లోనుంచి నాలుగు ముక్కలు తెచ్చి అతికించిన వ్యాసం కనబడితే చాలు, పక్కన ఎర్రసిరాతో "అతుకుల బొంత" అని వ్రాసి, రెండు మార్కులు వేసి, తరువాతి కాగితం తిప్పుతాను. ఇరవై యేళ్ళుగా ఇదే వరస. నేనే కాదు, పార్టీల మధ్య పొత్తు కుదిరినప్పుడల్లా పత్రికలవాళ్ళూ ఈ మాటే వాడుతూ వుంటారు. ఇలా వ్రాసేవాళ్ళలో ఒక్కసారైనా బొంత కుట్టినవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. నేను మాత్రం మొన్న మొన్నటివరకూ కుట్టలేదు. ఈ వారం ఆ కథ చెబుతాను. మీ ఇంట్లోనూ ట్రంకు పెట్టె నిండా పాత చీరలు వుండే వుంటాయి కనక మీకూ కొంత పనికి రావచ్చు.

మా అమ్మాయి పురిటికి వచ్చింది. పుష్యమాసంలో నీళ్ళాడుతుందని డాక్టరమ్మగారు చెప్పారు. మా ముదినేపల్లిలో పుష్యమాసం అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. కొల్లేరు ఇటు దగ్గర, చుట్టూ చేపల చెరువులు, మధ్యమధ్య వరిచేలు. తెల్లవారుజామున గుడివాడ బస్సు ఎక్కాలంటే హారన్ వినబడుతుంది గాని బస్సు కనబడదు, అంత మంచు. చలి అంత గొప్పది కాదు, చెమ్మ గొప్పది. గోడలు చెమ్మ, పరుపులు చెమ్మ, బీరువాలో పుస్తకాలు చెమ్మ. అలాంటి ఇంట్లోకి పసిబిడ్డ రాబోతుంటే పొత్తిళ్ళలోకి చిన్న బొంతలు రెండైనా వుండాలని నాకు పట్టుదల పుట్టింది.

బజారులో దొరకవా అంటారేమో. దొరుకుతాయి. బుల్లి ఏనుగులూ కుందేళ్ళూ వేసిన రజాయిలు ఎన్ని కావాలంటే అన్ని. కాని చెయ్యి పెట్టి చూస్తే అన్నీ పాలియెస్టరే. అంచేత నేనే కుట్టదలచాను. చదువుకున్నదాన్ని గదా, ఇదేం బ్రహ్మవిద్య అనుకున్నాను.

మొదటి బొంత కథ తొందరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే చెప్పుకోదగ్గ కథ కాదు. పట్నంలో ఒక దుకాణంలో పలకలు పలకలుగా అమ్మే పాలియెస్టర్ దూది తెచ్చాను. అడుగున వెయ్యడానికి కొత్త నూలు గుడ్డ, చక్కని ఎరుపు, కొన్నాను. పైన పువ్వుల గుడ్డ. మిషను మీద గళ్ళు గళ్ళుగా కుట్టేశాను. చూడడానికి ఎంత బాగున్నదో! పసిబిడ్డకు వేసేది కనక ఒకసారి ఉతుకుదామని నీళ్ళలో పెట్టాను. ఎరుపంతా దిగి పువ్వుల గుడ్డ గులాబి రంగయింది. ఆరేసేసరికి కింది గుడ్డ ముడుచుకుపోయింది, లోపలి దూది ముడుచుకోలేదు. గడి గడికీ ఒక బుడిపె లేచింది. పైగా కుట్టు బెజ్జాల్లోనుంచి దూది పోగులు తెల్లగా, ముసలివాడి గడ్డంలాగా బయటికి వచ్చాయి. మా అత్తగారు దాన్ని చేత్తో తడిమి, "ఇది బొంతా, గారెల పళ్ళెమా?" అన్నది.

తప్పు దుకాణానిది కాదు, నాదే. కొత్త నూలు గుడ్డ తడిస్తే ముడుచుకుంటుందని ఎవరికి తెలియదు? కోసేముందు ఒకసారి వేణ్ణీళ్ళలో నానవేసి ఆరవేసి వుంటే సరిపోయేది. తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూస్తే రంగు దిగేదో కాదో అప్పుడే తెలిసేది.

కాలువగట్టున ఒక ముసలమ్మ వున్నది. బొంతలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఒకప్పుడు సంక్రాంతికి ముందు నెలలో ఆవిడ దగ్గర వంతు దొరికేది కాదట. ఇప్పుడు పాత చీరలతో బొంతలు కుడతామని మైకు పెట్టుకుని వ్యాను మీద మిషను వేసుకుని వచ్చేవాళ్ళు వున్నారు. గంటలో కుట్టి ఇచ్చి వెళ్ళిపోతారు. ఆవిడ దగ్గరికి వెళ్ళేవాళ్ళు తగ్గారు. నా గులాబి బొంతను పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ దాన్ని విప్పి చూడనైనా లేదు. పైనే నొక్కి చూసి, "అడుగు గుడ్డ ఎవరు చూశారమ్మా?" అన్నది.

"నేనే, మామ్మా."

"పైగుడ్డ చుట్టాలు చూసేది, పంతులమ్మగారూ. అడుగు గుడ్డ ఒంటికి తగులుద్ది. ముందు అది చూసుకోవాల. తరవాత లోపలికి ఏం వేస్తారో చూసుకోవాల. పైది ఎట్టాంటిదైనా పర్వాలేదు."

నేను సరిగ్గా తల్లకిందులుగా చేశానన్నమాట. పువ్వుల గుడ్డ నచ్చి ముందు అది కొన్నాను, మిగిలిన రెండూ దానికోసం వెతికాను.

అడుగు గుడ్డకు ఆవిడ పెట్టిన పరీక్షలు చెబుతాను. అది పాతది కావాలి. పాత నూలు చీర ఎన్నో ఉతుకులు తిని వుంటుంది కనక ముడుచుకోవలసినదంతా ముడుచుకుంది, దిగవలసిన రంగంతా దిగింది. కాని చీకిపోయి వుండకూడదు. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని అడ్డంగా ఒక గుంజు గుంజాలి. చిరిగితే లోపలికి, నిలిస్తే అడుగుకు. తరువాత వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. పలచబడిన చోట్లు తెలిసిపోతాయి. ముఖ్యంగా కుచ్చిళ్ళ దగ్గరా, కూర్చునే చోటా చీర ముందుగా అరుగుతుంది. కొంగువైపు ఎప్పుడూ గట్టిగానే వుంటుంది. ఇది నాకు కొత్త విషయం. ఇన్నేళ్ళు చీర కట్టి కూడా ఎక్కడ అరుగుతుందో గమనించలేదు.

నేత మరీ బిగువుగా వున్న గుడ్డ కూడా ఆవిడకు నచ్చదు. మంచం మీద పరిచే కొత్త దుప్పటి ఒకటి చూపిస్తే తల అడ్డంగా తిప్పింది. సూది దిగడానికి వేలు నొప్పి పుడుతుందట, దిగినచోట బెజ్జం కనబడుతుందట. రంగు లేతగా వుండాలి, పసిబిడ్డ పక్కలో చీమగాని పురుగుగాని పాకితే కనబడాలి. గంజి వుండకూడదు. నాలుగు వైపులా బొంతకన్నా జానెడు ఎక్కువ వుండాలి. కుట్టేకొద్దీ గుడ్డ లోపలికి లాక్కుపోతుంది, చివరికి మిగిలినది పైకి మడిచి అంచు కుట్టవచ్చు.

పెద్దవాళ్ళ బొంతకు లెక్క మరీ తేలిక. అయిదున్నర గజాల చీరను సగానికి కోస్తే ఎనిమిది అడుగులకు పైగా పొడుగు, దాదాపు నాలుగు అడుగుల వెడల్పు గల ముక్కలు రెండు వస్తాయి. ఒకటి అడుగు, ఒకటి పై. ఒక్క చీరతో రెండు ముఖాలూ తయారు.

ఇక లోపలి సంగతి. ఇక్కడ నేను దూది పక్షం, ఆవిడ చీరల పక్షం. మనకు గుంటూరు వైపు నల్లరేగళ్ళలో పత్తి పండుతుంది గాని ఈ డెల్టాలో పండదు. అయినా దూదికి కరువు లేదు. వెనుక దూదేకులవాళ్ళు విల్లు భుజాన వేసుకుని వీధుల్లోకి వచ్చి, పరుపుల్లో ఉండలు కట్టిన దూదిని తీసి, వింటినారితో కొట్టి, నురుగులాగా పొంగించి మళ్ళీ నింపి ఇచ్చేవాళ్ళు. నా చిన్నతనంలో ఆ టింగుటింగుమనే చప్పుడుకోసం వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. (ఏకిన దూదిని చుట్టితే ఏకు. "ఏకు మేకయింది" అంటాం గదా, అది ఈ ఏకే. వడకడానికి మెత్తగా చుట్టిన దూది మేకులాగా గుచ్చుకున్నదని. క్లాసులో ఈ సంగతి చెబితే పిల్లలు నమ్మలేదు. వాళ్ళు ఏకు చూడలేదు మరి.) పొందూరులో సన్న ఖద్దరు వడికేవాళ్ళు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ళకు సరైన దువ్వెన మనుషులు చెయ్యలేదు కాబోలు! ఇక్కడ వాలుగను పులుసు పెట్టుకుని దవడ పారేస్తాము.

మరి దూది వెయ్యవచ్చు గదా? వెయ్యవచ్చు. వెచ్చగానూ వుంటుంది. కాని విడి దూది వేసినప్పుడు కుట్టు వరసలు దగ్గర దగ్గరగా, రెండేసి వేళ్ళ ఎడంలో పడాలి. ఎడం ఎక్కువైతే నాలుగు ఉతుకులకే దూది జరిగి మూలకు చేరుతుంది; ఒకచోట దిండు, ఒకచోట ఖాళీ గుడ్డ మిగులుతాయి. పైగా తడిస్తే ఆరదు. మా పెరట్లో బూరుగు చెట్టున్నది, ఆ దూది వేద్దామా అన్నాను. బూరుగు దూది పోగు లోపల బోలుగా, పైన మైనం పూసినట్లు నున్నగా వుంటుంది. అందుకే నీళ్ళు తొందరగా పట్టవు. ఒకప్పుడు పడవ ప్రయాణాలలో తొడుక్కునే ప్రాణరక్షణ చొక్కాలలో నింపేవారు. అదే నునుపు బొంతకు పనికిరాదు. ఒక పోగు ఇంకొక పోగును పట్టుకోదు, జారిపోతుంది, నలిగి పొడి అవుతుంది. దిండుకు మాత్రం దానికి మించినది లేదు.

"దూది బొంత మన ఊళ్ళకు కాదమ్మా," అన్నది ముసలమ్మ. "నీళ్ళొచ్చినప్పుడు తెలుస్తది."

ఆవిడ చెప్పినది 2024 సెప్టెంబరు మాట. బుడమేరు పొంగి విజయవాడను ముంచిన తరువాత ఆ నీళ్ళు కొల్లేటికి చేరాయి. సరస్సు ఉబ్బి లంక గ్రామాల దారులు మునిగాయి. ఆవిడ చెల్లెలు ఒక లంకలో వుంటుంది. నీళ్ళు తీసిన తరువాత దూది పరుపులు రెండు పారవేయవలసి వచ్చిందట. ఎంత ఎండబెట్టినా లోపలినుంచి వాసన పోలేదు. ఇదే అక్క కుట్టి ఇచ్చిన చీరల బొంతను మాత్రం బావి దగ్గర బండకు బాది, ఇద్దరు పట్టుకుని పిండి, రెండు రోజులు ఎండలో వేస్తే మామూలయిందట. పొరలు పొరలుగా వున్న పాత నూలు గుడ్డలో గాలి ఆడుతుంది, ఎండ దిగుతుంది. ఈ మాట వినేసరికి నా దూది వాదం అక్కడితో ఆగింది.

లోపలికి వేసే చీరలలో కూడా జాతులు చూడాలి. అన్నీ నూలువే కావాలి. ఫాల్ ఊడదీయాలి, జరీ అంచు కోసి పక్కన పెట్టాలి, ముడుతలు లేకుండా ఇస్త్రీ చెయ్యాలి. అతుకు మీద అతుకు రాకుండా చూడాలి, లేకపోతే కర్రలాగా గట్టు తేలుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పొరలన్నిటికీ పడుగు ఒకేవైపు వుండాలి. పడుగూ పేకా ఒకే తీరున సాగవు, ఒకే తీరున ముడుచుకోవు. ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా వేస్తే ఉతికిన తరువాత ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. పెద్దవాళ్ళకు ఏడెనిమిది పొరలైనా వేయవచ్చు. పసిబిడ్డకు మధ్యలో రెండు పొరలు చాలు. డాక్టరమ్మగారు కూడా ఈ మాటే చెప్పారు: పసిబిడ్డ పైన బరువైన రజాయిలు కప్పకూడదు, ముఖం దగ్గర మెత్తని గుడ్డలు కుక్కకూడదు, పక్కలోకి పలచగా, సమంగా వున్నదే మంచిదని.

ఇది మన ఊరి విద్య ఒక్కటే అనుకునేరు! నిఘంటువులు బొంతకు కంథ అని అర్థం చెబుతాయి. ఆ కంథే బెంగాలులో కాంథా అయి, పాత చీరల అంచులనుంచి రంగు దారాలు లాగి వాటితోనే బొమ్మలు కుట్టేదాకా పెరిగింది. మహారాష్ట్రులకు గోధడి, కన్నడిగులకు కౌది. ఉత్తర కన్నడ జిల్లా అడవులలో సిద్దీలున్నారు, వెనుకటి కాలంలో ఆఫ్రికానుంచి వచ్చినవారి సంతతి. ఆ ఆడవాళ్ళు కూడా ముందు అడుగు గుడ్డనే పరుస్తారు. దాని అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ ముక్కలు కుట్టుకుంటూ మధ్యకు వస్తారు. మనకు కూతవేటు దూరంలోని మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1611లో కొఠీ పెట్టినది గుడ్డల కోసమే గదా! ఈ తీరపు అద్దకపు గుడ్డలు ఐరోపాలో దొరల మంచాల మీదికి ఎక్కాయి. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెడితే ఫ్రాన్సు 1686లో అద్దకపు గుడ్డలను నిషేధించింది, కొద్ది యేళ్ళలో ఇంగ్లండు కూడా చట్టం చేసింది. మనవాళ్ళ పైగుడ్డకు అంత ఖ్యాతి! అడుగు గుడ్డ సంగతి చరిత్రలో ఎవరూ వ్రాయరు.

సరే, చీరలు కావాలి. మా అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆవిడ ట్రంకు పెట్టె నా దగ్గరే వున్నది. పధ్నాలుగు చీరలు. మంగళగిరివి, వెంకటగిరివి, వాయిల్ చీరలు నాలుగు. రెండేళ్ళలో నేను ఆ పెట్టె రెండుసార్లు తెరిచాను, రెండుసార్లూ వెంటనే మూశాను. ఈసారి బయటికి తీసి మంచం మీద పరిచి, ముసలమ్మ చెప్పినట్లు ఒక్కొక్కటే గుంజి చూస్తూ కూర్చున్నాను.

ఆ సమయంలో మా పెద్దాడపడుచు ఫోను చేసింది. మా అమ్మాయి నోరు ఊరుకోదు గదా, అమ్మమ్మ చీరలతో బొంత కుడుతున్నారని చెప్పేసింది. "పోయినవాళ్ళ గుడ్డలు పసిగుడ్డు కిందకా? ఇన్ని చదువులు చదివి ఆమాత్రం తెలియదా మీ అమ్మకు?" అన్న మాట నాకు వంటింట్లోకి వినబడింది. నాకు ఆ పట్టింపులు లేవు. కాని లేవని చెప్పినంత తేలికగా లేకుండా పోవు సుమా! రేపు బిడ్డకు ఒక తుమ్ము వచ్చినా, ఒక జ్వరం తగిలినా, అందరికీ ఆ బొంతే గుర్తుకు వస్తుంది. ముందుగా నాకే వస్తుంది. చీరలన్నీ మడతపెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. మా వారిని అడిగితే, "నీ ఇష్టం" అని చేపల చెరువు వైపు వెళ్ళిపోయారు. మగవాళ్ళకు ఆ సదుపాయం వున్నది.

మా అత్తగారు రెండు రోజులు ఏమీ అనలేదు. మా అమ్మకూ ఆవిడకూ ఎప్పుడూ సరిపడలేదు. పాతికేళ్ళ కిందట మా పెళ్ళిలో వియ్యపురాలికని మా అమ్మ పెట్టిన వెంకటగిరి చీర తేలికరకమని, అంచు నాసిగా వున్నదని ఆవిడ చెప్పని చుట్టం లేడు. పాతికేళ్ళూ దెప్పుతూనే వున్నది, పాతికేళ్ళూ కడుతూనే వున్నది.

మూడో రోజు సాయంత్రం నేను కాలేజీనుంచి వచ్చేసరికి నా బల్ల మీద ఆ వెంకటగిరి చీర వున్నది. ఉతికి, గంజి లేకుండా, చక్కగా మడిచి వున్నది.

"గుంజి చూశాను. చిరగలేదు," అన్నది అత్తగారు. "ఇది అడుగున వెయ్యి. నేనింకా బ్రతికే వున్నాను గదా, దీనికి ఎవరూ వంక పెట్టరు. మీ అమ్మవి లోపల వెయ్యి."

"వదినగారు..."

"పెద్దది వచ్చి కుట్లు విప్పి చూస్తుందా యేం?"

అంతే, ఇంకేమీ అనలేదు. టీవీ పెట్టుకున్నది.

కాలువగట్టుకు చీరలు పట్టుకువెళ్ళాను. అత్తగారి వెంకటగిరి చూసి ముసలమ్మ ముఖం విప్పారింది. అడుగుకు ఇంతకన్నా మెత్తనిది దొరకదన్నది. లోపలికి అమ్మ మంగళగిరి ఒకటి, వాయిల్ ఒకటి. పైకి నాది, నా మొదటి జీతంతో కొనుక్కున్న పసుపు నూలు చీర. ఇక నాకొక్క కోరిక మిగిలింది. అమ్మకు ఒక నీలం జార్జెట్టు చీర వుండేది. నాకు ఎమ్మే పట్టా ఇచ్చిన రోజున ఆవిడ అది కట్టుకుని, కొంగు భుజం చుట్టూ బిగించి, సభలో ముందు వరసలో కూర్చున్నది. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషి. ఆ చీర కూడా లోపల వెయ్యమన్నాను.

ముసలమ్మ ఒక పోగు లాగి పొయ్యి దగ్గర పెట్టింది. కాలి బూడిద కాలేదు. కరిగి నల్లని పూసలాగా ముడుచుకున్నది. నూలైతే కాగితం కాలిన వాసన వేసి బూడిద రాలుతుంది. "ఇది నైలాను, పంతులమ్మగారూ. ఉతికితే నూలు ఒకదారి, ఇది ఒకదారి. బిడ్డ చెమట పీల్చదు. సూదికి జారిపోద్ది."

"ఒక్క ముక్కైనా, మామ్మా. కొంగు చివర."

"వద్దమ్మా. తరవాత మీరే నన్ను అంటారు."

మా గులాబి బొంత ఆ పక్కనే వున్నది. నేనేమీ అనలేకపోయాను.

పొరలు నాలుగూ నేలమీద పరిచి, మూలల్లో రాళ్ళు పెట్టి, మధ్యనుంచి అంచుల వైపుకు పెద్ద పెద్ద టాకాలు వేసింది. ఆ తరువాత సన్నకుట్టు. నాకూ ఒక మూల ఇచ్చింది. నా వరస కాలువగట్టు దారిలాగా వంకరలు పోతే నవ్వింది గాని విప్పలేదు. నాలుగు రోజులు పట్టింది. అయిదోరోజు వెళ్ళేసరికి బొంత తయారై వున్నది. చేత్తో తడిమితే ఎక్కడా గట్టు లేదు, బుడిపె లేదు. అమ్మ చీరలు ఎక్కడ వున్నాయో పైకి తెలియదు.

దాన్ని నీలం జార్జెట్టు చీరలో మూట కట్టి ఇచ్చింది. వర్షం తుంపర పడుతున్నది, దారిలో తడవకుండా.

"ఇంటికెళ్ళగానే మూట విప్పెయ్యండి," అన్నది. "అట్టాగే వుంచితే లోపల చెమ్మ పడుద్ది."